పిన్ని కిటికీ, అవతల జెనీవా

పొద్దున్నే వంటింట్లో గిన్నెలు తోముతూ నేను చెయ్యి ఊపడం మా ఆయన చూసేశారు. దుబాయ్‌లో అల్ వర్సాన్ వైపున్న మా ఫ్లాట్ కిటికీలోంచి కిందకి చూస్తే ఆ వేళకి పనివాళ్ళ బస్సులు వరసగా పోతుంటాయి. "ఎవరికి?" అన్నారు. "ఎవరికీ కాదు" అన్నాను. సబ్బు నురగ మోచేతి దాకా కారుతుంటే అంతకంటే వివరంగా చెప్పడం కష్టం. చెప్పాలంటే మా పిన్ని దగ్గర మొదలుపెట్టి జెనీవా దాకా పోవాలి, అప్పటికి ఆయన ఆఫీసు బస్సు కూడా వెళ్ళిపోతుంది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. కోనసీమ నుంచి వచ్చి, అజ్మాన్‌లో ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని పెంచింది. ఎండలు ముదరగానే ఆ కుటుంబం జెనీవా వెళ్ళేది, పిల్లలతో పాటు పిన్నీ వెళ్ళేది. మా చుట్టాల్లో యూరప్ వెళ్ళిన మొదటి మనిషి ఆవిడే. వెళ్ళడమైతే వెళ్ళింది గాని, చూసింది మాత్రం నాలుగో అంతస్తులో ఒక వంటిల్లు. ఆ వంటింటికి ఒక కిటికీ. కిటికీ బయట సరస్సు, సరస్సులోంచి నిటారుగా ఆకాశంలోకి లేచే పెద్ద ఫౌంటెన్, దాని దాకా పోయే రాతిగట్టు, గట్టు మీద తడుస్తూ ఫొటోలు దిగే జనం. గిన్నెలు కడుగుతూ వాళ్ళకి చెయ్యి ఊపేదట. మూడు వేసవులు ఊపింది. ఒక్కరూ తిరిగి ఊపలేదు.

"నేను ఆళ్ళకి కనబళ్ళేదంటావా, కనబడినా పట్టించుకోలేదంటావా?" అని నన్ను అడిగేది. నవ్వుతూనే అడిగేది, కాని కలిసిన ప్రతి శుక్రవారమూ అడిగేది. నేనేదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఒకసారి మాత్రం ఆవిడ నవ్వడం మర్చిపోయి అడిగింది. ఎప్పటికైనా ఇద్దరం అక్కడికే వెళ్ళి చూసొద్దామని ఆ రోజు మాటిచ్చాను.

కరోనా గోల సద్దుమణిగాక ఒక ఏడు, మేడమ్‌కి నెలలు నిండి ఆ కుటుంబం ప్రయాణం మానుకుంది. పిన్ని పాస్‌పోర్టులో వీసా మాత్రం ఇంకా బతికే ఉంది. మేడమ్‌ని సెలవడిగింది, ఆవిడ సరేనంది. నేనూ వీసా తెచ్చుకున్నాను. టికెట్లు చవగ్గా దొరికినందుకు మధ్యలో ఒక విమానాశ్రయంలో బెంచీల మీద చాలాసేపు కూర్చున్నాం. మంచాల మీద మంచాలుండే హాస్టల్లో దిగాం. అటుకులు, మాగాయ, పులిహోర పేస్టు, కరెంటు కెటిల్ మాతోనే వచ్చాయి. ఆ ఊళ్ళో ఏ ధరనీ దిర్హాముల్లోకి మార్చకూడదని, రూపాయల్లోకి అసలే మార్చకూడదని ముందే ఒట్టు వేసుకున్నాం. మొదటి కాఫీ దగ్గరే పిన్ని ఒట్టు తప్పింది. "అయ్యబాబోయ్" అని కప్పు వంక భక్తిగా చూసి, నా చేత కూడా అడుగు దాకా తాగించింది. హాస్టల్ వాళ్ళు ట్రాముల్లోనూ పసుపుపచ్చ పడవల్లోనూ ఊరికే తిరిగే కార్డులిచ్చారు. దాంతో ఎక్కిన పడవే ఎక్కాం. దుబాయ్‌లో అబ్రా పడవ ఎక్కినప్పుడు కూడా పిన్ని ఇలాగే మురిసిపోయేది.

మొదట గాలి అడ్డం పడింది. గాలి ఎక్కువైతే ఫౌంటెన్ కట్టేస్తారట. రాతిగట్టు మీద మనిషి లేడు. పిన్ని సరస్సు ఒడ్డున నిలబడి గాలిని తెలుగులో తిట్టింది. తిరుగు ప్రయాణం రోజు పొద్దున లేచి చూస్తే ఎండ కాస్తోంది, నీళ్ళు లేచాయి.

"యల్లా, పద, ముందు నాతూర్ దగ్గరికి" అంది.

గల్ఫ్‌లో బిల్డింగు కాపలా మనిషిని నాతూర్ అంటాం. కొత్త ఇంట్లోకి దిగితే ముందు అతన్ని మంచి చేసుకోవాలని ఎవరూ నేర్పక్కర్లేదు. యూరప్‌లో నాతూర్లు ఉండరని, తలుపుల్ని ముట్టుకుంటే పోలీసులొస్తారని నేను గట్టిగా వాదించాను. పిన్ని వినిపించుకోలేదు. పిన్ని గిన్నెలు కడిగిన ఆ బిల్డింగు చూసుకునే పోర్చుగల్ పెద్దావిడకి, చెత్త పడెయ్యడానికి దిగినప్పుడల్లా గారెలో కజ్జికాయలో పెట్టేదట. బెల్ కొట్టగానే ఆవిడ వచ్చి పిన్నిని వాటేసుకుని బుగ్గలు మార్చి మార్చి ముద్దులు పెట్టింది. పోలీసులు రాలేదు. ఫ్లాట్‌కి తాళముంది గాని, వంటింటి పక్కనే, అదే గోడకి, మెట్ల దగ్గర అలాంటి కిటికీయే ఉంది. పిన్ని సైగలు చేసింది, ఆవిడ నన్ను పైకి తీసుకెళ్ళి నిలబెట్టింది.

"నేను అవతలి గట్టుకెళ్ళి చూత్తాను. నువ్వు ఊపుతానే ఉండు" అని చెప్పి పిన్ని పడవెక్కింది. రోమింగ్ దండగని మా ఫోన్లు మూగవి, కాబట్టి ఊపడం తప్ప వేరే దారి లేదు.

హెచ్.ఆర్.లో పదిమందికి బుద్ధులు చెప్పే ఉద్యోగం నాది. అలాంటిదాన్ని ఊరుకాని ఊళ్ళో, పరాయి మెట్ల మీద నిలబడి, సరస్సుకి చెయ్యి ఊపాను. కుక్కతో పైకి వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి, కిటికీ బయటకి చూసి, "బోంజూర్" అని మర్యాదగా తప్పుకున్నాడు. చెయ్యి లాగేస్తోంది. అప్పుడు రాతిగట్టు చివర ఎర్రచుక్క ఒకటి కనబడింది. పిన్ని చున్నీ. అది ఆగింది. ఇటు తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి, చున్నీ విప్పి, ఊపడం మొదలుపెట్టింది. నాకు కళ్ళనిండా నీళ్ళు వచ్చేశాయి. కనబడ్డానన్నమాట! మెట్లు ఎలా దిగానో తెలియదు.

పడవల రేవు దగ్గర పిన్ని తడిసి ముద్దయి దిగింది.

"కనబడ్డానా?" అన్నాను.

"లేదే. కిటికీలన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అద్దాల మీద ఎండ పడి ఒకటే మెరుపు. మనిషి కాదు కదా, ఏనుగు నిలబడినా తెలీదు." మొహం వెలిగిపోతోంది. "పాపం, ఆళ్ళ తప్పేం లేదమ్మా. ఖలాస్."

"మరి ఏం చూసి అంతలా ఊపావు?"

నన్ను వింతగా చూసింది. "నువ్వు అక్కడున్నావని నాకు తెలుసు కదే."

పిన్ని పని మానేసి ఊరెళ్ళిపోయి చాన్నాళ్ళయింది. కింద బస్సులు పోతూనే ఉన్నాయి, వాటి అద్దాల మీదా ఎండ పడుతుంది, లోపల ఎవరు ఇటు చూస్తున్నారో నాకు తెలియదు. గడిచిపోయిన రోజులు కూడా అంతే దూరంలో మెరుస్తుంటాయి, అక్కణ్ణించి నేను కనబడను. అయినా ఎర్రచున్నీ ఒకటి అక్కడ ఊగుతూనే ఉంటుందని తెలుసు గనక, చెయ్యి దానంతటదే లేస్తుంది.