రమణ ఫోల్డర్ తీసేశాను

ఈ రోజు పరాయి దేశంలో, ఘాలా అనే చోట ఉన్న మా ఆఫీసులో రమణకి ఆఖరి రోజు. ప్రాజెక్టులు తగ్గాయని కంపెనీ అతని వీసా రద్దు చేసింది. అతని కంప్యూటర్ ఇంకొకరికి కావాలట. అందులోని కోడ్ ఫోల్డర్ తీసేసే పని మేనేజర్ నాకు అప్పగించాడు.

కమాండ్ ఇవ్వగానే, అందరి కోడ్‌నీ సర్వర్‌లో భద్రపరిచే సీవీఎస్ ప్రోగ్రాం ఆగింది. సర్వర్‌కి చేరని ఫైల్ ఒకటుంది, అయినా తీసేయాలా అని అడిగింది. మా ఆఫీసులో తీసేసే ముందు అడిగేది అదొక్కటే. వద్దని నొక్కి, పక్కనే సామాను సర్దుకుంటున్న రమణని అడిగాను.

“సూర్ ఊళ్లో షాపు వాళ్ల బిల్లుల్లో వస్తాండే తప్పు సరిచేసినా అన్నా. టెస్ట్ కూడా అయింది. పంపిచ్చెయ్, లేకుంటే వాళ్లు ఇబ్బంది పడతారు” అన్నాడు.

అతని లాగిన్ పొద్దున్నే మూసేశారు. నా లాగిన్‌తోనే ఫైల్ పంపి, ఫోల్డర్ తీసేశాను.

సాయంత్రం సూర్ సమస్య తీర్చానని నన్ను మెచ్చుకుంటూ మేనేజర్ అందరికీ మెయిల్ పెట్టాడు. అది రమణ చేసిన పని అని వెళ్లి చెప్పాను.

“వో తో చలా గయా. అబ్ ఛోడో యార్” అన్నాడు. అతను వెళ్లిపోయాడు కదా, ఇక వదిలెయ్ అని.

కిటికీలోంచి చూస్తే, ఆ వెళ్లిపోయిన మనిషి ఇంకా కింద కంపెనీ బస్సు కోసం నిలబడే ఉన్నాడు.

ఆ మెయిల్‌కి ఇంకా జవాబివ్వలేదు. మీరైతే ఏం రాస్తారు?