వదిన ఎడమ కన్ను

ఒక అబద్ధాన్ని ఇరవై రెండేళ్లు మోశాను. వయసుతో దాని బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. నన్ను ఎరుగని మీతో చెప్పుకొంటున్నాను కనుక పేరు అడగవద్దు. అరవదేశపు మధురలో, తెలుగువారి వీధిలో, నా మాట శాసనంగా నడిచిన రోజులు ఉండేవని తెలిస్తే చాలు.

మాది వాడిపట్టి దగ్గర సేద్యపు కుటుంబం. అన్న చనిపోయాక వదినను వెంటబెట్టుకొని పట్నం చేరాను. కుంఫిణీవారు పాత కోటగోడను పడగొట్టించి, ఆ జాగాలో కొత్త వీధులు వేయిస్తున్న కాలమది. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని లేచాయి. పల్లెలో ఆరుబయట వండే ఆడవాళ్లు ఇక్కడ నాలుగు గోడల మధ్య పొయ్యి పెట్టుకోవలసి వచ్చింది. మా వంటింటికి ఉన్నది ఒక్క కిటికీ. అది వీధివైపు తెరుచుకొనేది.

పూర్వుల దేశాన్ని విడిచి వచ్చినవారికి కట్టుబాటు తప్ప వేరే ఆస్తి లేదని నేను నమ్మేవాణ్ణి. విధవరాలి ముఖం దారిన పోయేవారికి కనబడరాదని వాదించి, వీధి పెద్దల చేత ఒక కట్టడి చేయించాను. విధవరాలు వండే ఇంట వీధివైపు కిటికీ ఉండరాదు. మొదట మూయించింది మా ఇంటిదే. ఇటుకా సున్నమూ, ఒక్క పూట పని. పొగ ఎటు పోతుందని మేస్త్రీ అడిగాడు. పెంకుల సందుల్లోంచి పోతుందన్నాను.

పోలేదు. పత్తికట్టెలూ పిడకలూ ఊదుతూ వదిన ఆ గదిలో పన్నెండేళ్లు వండింది. కళ్లు ఎర్రబడేవి, నీరు కారేవి. వయసు అన్నాను. కుడి కన్ను పోయింది. అదీ వయసే అన్నాను. నిజంగా అలా నమ్మానా? మొదట నమ్మాను. ఆ తరువాత వాడిపట్టిలో ఒక పెళ్లికి వెళ్లాను. వదిన కంటే ఐదేళ్లు పెద్దదైన ఆమె అక్క పందిరి కింద కూర్చొని, ఎవరి సాయమూ లేకుండా సూదిలో దారం ఎక్కించింది. ఒక్కతల్లి బిడ్డలు. ఒకామె జీవితమంతా వండింది ఆకాశం కింద. ఇంకొకామె వండింది నేను కట్టించిన గోడ వెనుక. ఆ సూదిని చూసిన క్షణంలోనే నాకు అంతా తెలిసింది. తెలిసీ ఇంటికి వచ్చి, గోడ జోలికి పోలేదు.

ఆ ఏడే కంటి వైద్యుడొకడు మా వీధికి వచ్చాడు. మా ఇంటి నడవలో తిన్నె మీద వదినను కూర్చోబెట్టి, రెప్పలు పైకెత్తి చూశాడు. ఎడమ కన్ను ఇంకా దక్కుతుందని, అయితే పొగ తగిలితే మందు పనిచేయదని అరవంలో చెప్పాడు. వంటింటికి కిటికీ ఉందా అని నన్నే అడిగాడు. పక్కన వీధి పెద్దలు నలుగురు ఉన్నారు. లేదంటే ఎందుకు లేదని అడుగుతాడు. గోడ తీయించాలి. నేను చేసిన కట్టడిని నేనే తప్పానని వాళ్లు నా ముందే అంటారు. ఒక మనిషి చూపు ఒకవైపు, నా మాట ఇంకొకవైపు. తూచడానికి నాకు ఎంతసేపు పట్టింది?

ఉంది అన్నాను.

వైద్యుడు మందిచ్చి వెళ్లిపోయాడు. కిటికీ పెరటివైపు ఉందనుకొన్నారో ఏమో, పెద్దలూ లేచారు. వదిన మాత్రం తిన్నె మీదనే కూర్చొని ఉంది.

"మరిదీ, మన వంటింటికి జన్నలు ఉండాదా?" అంది. కిటికీని ఆమె ఎప్పుడూ అరవపు మాటతోనే పిలిచేది.

"వయసొస్తే మరుపు వదినా," అన్నాను.

"అవున్లే, నాకే మరుపు. ఒంటికన్నుదానికి గోడేదో జన్నలేదో యాడ తెలుస్తాది? పెద్దోడివి, నువ్వు అబద్ధం సెప్తావా. సరి, పొద్దెక్కింది, ఉల వేయాల."

ఎసరును ఆమె ఉల అనేది. గోడ పట్టుకొని లోపలికి వెళ్లింది. పొగ లేచింది. నేను తిన్నె మీద కూర్చొని, నా భోజనానికి పిలుపు వచ్చేదాకా ఎదురుచూశాను.

రెండేళ్లకు ఎడమ కన్నూ పోయింది. ఆ తరువాత తొమ్మిదేళ్లు ఆమె బ్రతికింది. కిటికీ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు సులువయ్యేదా? ఆమె ఎందుకు ఊరుకుందో ఎన్నో విధాల ఆలోచించాను. క్షమించిందని మాత్రం ఎన్నడూ అనుకోలేకపోయాను. అన్నం వడ్డించేటప్పుడు విస్తరి అంచును వేళ్లతో తడిమి చూసి, సరిగ్గా నా ముందే పెట్టేది. ఆ వేళ్లను చూడకుండా తినడం నేర్చుకున్నాను.

నా కట్టడిని పాటించిన ఇళ్లు మా వీధిలో ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ల ముసలమ్మలు పట్టపగలు గోడలు తడుముకొంటూ నడుస్తారు. వయసు అంటారు వాళ్ల కొడుకులు. ఆ మాట వాళ్లకు నేర్పింది నేనే. మొన్న సభలో ఆ కట్టడిని తీసివేయమని అడిగాను. ఇంత కాలం నిలిచిన నియమాన్ని ఏ కారణం చేత తీయాలని అడిగారు. లేచి నిలబడ్డాను. ఉత్తరీయం సర్దుకొని మళ్లీ కూర్చున్నాను. కట్టడి నిలిచింది.

వాళ్లు అడిగిన కారణం ఇది. మా వదిన కళ్లను వయసు తీయలేదు. నేను తీశాను.