రెండు రెక్కలు నాకు, రెండు చేనుకు

వనపర్తి, కార్తీక బహుళ షష్ఠి, గురువారం.

మా యారాలు పోయింది. తోటికోడలిని మా పాలమూరు వైపు యారాలంటారు; ఆమె మా మరిది భార్య. పౌర్ణమికి ముందు శనివారం పొద్దున ఛాతీలో నొప్పి అంది. ఆటోలో నా భుజానికి తల ఆనించింది. దవాఖాన గేటు దగ్గర దిగమంటే దిగలేదు.

కర్మలన్నీ అయ్యేదాకా నేను కలం పట్టలేదు. ఈ పొద్దున ఆమె చేను కౌలుకు చేస్తున్న రైతు గోపాల్‌పేట నుంచి ఫోన్ చేశాడు.

“టీచరమ్మా, సాళ్లు కలిసినయి. ఇంక మట్టి కనపడ్తలేదు. చిన్నమ్మ చెప్పమన్నది.”

చెప్పమన్న మనిషి లేదన్నది అతనికి మాట నోరు దాటాక గుర్తొచ్చింది. “సరే నాయనా” అని పెట్టేశాను. ఆ ఫోన్ వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆమె కోరిక ఏమిటో ముందే చెప్పాలి. గోపాల్‌పేట దగ్గర ఆమెకు మూడెకరాల ఎర్రచెల్క నేల ఉంది. మా మరిది పోయాక ఆ చేను ఆమే చేసింది. విత్తనం పెట్టడం, కలుపు తీయడం, వేరుశనగ పీకి కాయ కోయడం, అన్నీ. మోకాళ్లు అరిగిపోయాక కౌలుకిచ్చింది; ఉండేది మా ఇంట్లోనే. ఆటో పోయే దారి నుంచి చూస్తే మొదటి కొన్ని సాళ్లే కనిపిస్తాయి. మిగతా చేనంతా ఒక మిట్ట వెనక కిందికి దిగి ఉంటుంది. ఆ మిట్ట ఎక్కే కాళ్లు ఆమెకు లేవు.

“ఇన్నేండ్లు వంగే చూసిన అక్కా. కాళ్ల ముంగట సాలు తప్ప ఏం చూడలే. మొత్తం చేను ఒక్కపారి చూడాలె,” అనేది.

నిరుడు పక్క చేన్లో మందు కొట్టే డ్రోన్ తెచ్చారు. ఆమె దారి మీద ఆటోలోనే కూర్చుని, అది మిట్ట దాటి పోయి తిరిగి రావడం చూసింది. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, “గంత పెద్దది మనకెందుకు? పిట్టంతది చేసుకుంట,” అంది. కొంటానని అనలేదు, చేసుకుంటానంది. మా మరిది బతికున్నప్పుడు వనపర్తిలోనే రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఆమె పక్కన కూర్చుని టంకం వేసేది. ఆ టంకం కర్ర ఇంకా ఆమె మంచం కిందే ఉంది.

నేను తెలకపల్లి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఇంటి ఖర్చు నా చేతిలోనే నడుస్తుంది. ఎగరడానికి ఎనిమిది వేలు, అంతకు మించితే నేను ఒప్పుకోనన్నాను. కెమెరా, దాని తెర తర్వాత, వేరే పద్దు కింద. బరువు పావుకిలో లోపు ఉండాలి. డ్రోన్ నియమాలు చదివి ఆ గీత కూడా నేనే గీశాను.

“నువ్వు పంతులమ్మవా, సావుకారివా?” అంది.

“రెండూ,” అన్నాను.

మోటార్ల కోసం ఇద్దరం బస్సులో హైదరాబాదు కోఠికి పోయాం. దుకాణంలో కుర్రవాడు నావైపు చూసి, “మనవడి ప్రాజెక్టా అమ్మా?” అన్నాడు.

“కాదు, నాది,” అంది మా యారాలు.

“మీకెందుకమ్మా ఇది? ఆడుకునేటందుకా?”

“నీకు దుకాణమెందుకు నాయనా? కూసునేటందుకా?”

అతను నవ్వి, లేచి తన స్టూలు ఆమెకిచ్చాడు. ఆమె దాని మీద కూర్చుని ప్రతి మోటారునూ వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాక గాని పక్కన పెట్టలేదు. నాలుగు మోటార్లు, వాటి వేగాన్ని అదుపు చేసే పలక, అన్నిటికీ ఆజ్ఞలిచ్చే చిన్న బిళ్ళ, బ్యాటరీ, ఎవరో వాడి అమ్మిన రిమోటు. రెక్కలు మాత్రం నాలుగేసి చొప్పున రెండు సెట్లు తీసుకుంది, విరిగితే ఉంటాయని. చట్రం ధర అడిగి మూతి తిప్పింది. ఇంటికొచ్చి మేదరి ఆయన దగ్గర వెదురు బద్దలు తెచ్చి, చాకుతో చెక్కి, నూలు దారంతో బిగించి, దారం మీద జిగురు పట్టించింది. మా వంటింటి కాటా మీద అది పావుకిలోకు కాస్త తక్కువే తూగింది. నేను రెండుసార్లు తూచాను.

టంకం వేసేటప్పుడు ఆమె మాట్లాడేది కాదు, ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఒకసారి నేను చేస్తానని కర్ర తీసుకున్నాను.

“బెత్తం పట్టినట్టు పట్టినవ్. అది పిల్లగాండ్లను కొట్టేది కాదు. కలం లెక్క పట్టు.”

పట్టాను. సీసం కరిగింది, మెరిసింది. సరిగ్గా కూర్చుందో లేదో అని నేను వైరు కదిపాను. మెరుపు పోయి అతుకు బూడిద రంగుకు తిరిగింది. “వేడి తగ్గేదాక చెయ్యి కదలొద్దక్కా,” అంటూ ఊడదీసి మళ్లీ వేసింది. ఆ మాట ఆమె టంకానికే కాదు, ఇంట్లో కోపాలకు కూడా వాడేది. నా కొడుకూ కోడలూ గట్టిగా మాట్లాడుకుంటుంటే నా మోచేయి పట్టుకుని, “ఇప్పుడు కదపకు, సల్లారనియ్,” అనేది.

రెక్కలు బిగించే రోజు మా ఇద్దరికీ పడలేదు. ఈ యంత్రంలో రెండు రెక్కలు కుడివైపుకు, అంటే గుడి చుట్టూ మనం తిరిగినట్టు తిరగాలి. రెండు దానికి ఎదురు తిరగాలి. అప్పుడే ఒకదాని విసురు ఇంకొకటి ఆపుతుంది. ఇది నేను చదివి చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

“ఎడమకు తిరిగేది పీనుగ సుట్టూ. పంట మీద ఉండంగ నా చేను మీద గట్ల తిప్పనియ్య.”

“అది లెక్క. దానికి నీ శకునం తెల్వదు.”

“నాకు తెల్సు కద.”

రెండు సెట్లలోంచి కుడివైపు రెక్కలు నాలుగూ ఏరి బిగించింది. ఎడమవి డబ్బాలో వేసి మూత పెట్టింది. వాకిట్లో పెట్టి రిమోటు నొక్కింది. అది మూరెడు ఎత్తు లేచింది. లేచి, నాలుగు రెక్కలూ కుడికి తిరుగుతుంటే మొత్తం ఒళ్లు గిర్రున ఎడమకు తిరిగి, బట్టలుతికే బండకు కొట్టుకుంది. వెదురు బద్ద ఒకటి విరిగింది.

“చూసినవా? నాలుగూ కుడికి తిప్పితే మిషనే ఎడమకు తిరిగింది,” అన్నాను.

ఆమె విరిగింది తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా పడుకుని నన్ను పిలిచింది. “జర ఇట్ల వచ్చి పండుకో.” నా వయసుకు అదేం పని అన్నాను గాని పడుకున్నాను. ఫ్యాను చూపించింది.

“ఎటు తిరుగుతుంది?”

“ఎడమకు.”

“మిద్దె మీదినుంచి చూస్తే?”

ఆలోచించాను. “కుడికి.”

“గదే మరి. మనం పైనుంచి చూస్తం. చేను కిందినుంచి చూస్తది. రెండు రెక్కలు నాకు, రెండు చేనుకు. ఎవ్వరికీ లోటు లేదు.”

లేచి డబ్బా మూత తీసింది. రెండు మోటార్లు ఎదురు తిరిగేలా వాటి మూడు వైర్లలో రెండేసి అటూ ఇటూ మార్చి కొత్తగా టంకం వేసింది. చేయి కదల్లేదు. లెక్క చెప్పి నేను ఒప్పించలేకపోయిన మాటకు ఆమె తనను తానే ఒప్పించుకుంది. శకునం పోనివ్వలేదు, యంత్రాన్నీ పోనివ్వలేదు.

ఊరి బయట వెంచర్ ప్లాట్లలో, హద్దురాళ్ల మధ్య, అది మొదటిసారి నిలబడి ఎగిరింది. కందిరీగలు రేగినట్టు చప్పుడు. ఆమె ఆటో సీటులోనే కూర్చుని రిమోటు తిప్పుతూ, అది పోయినవైపే తల పోనిచ్చింది. తర్వాత నాకూ నేర్పింది. లేపడం, ముందుకు, వెనక్కి, దించడం. “గింత బిగుసుకోకు. అది నీ క్లాసుల పిల్ల కాదు,” అని నా బొటనవేళ్ల మీద తట్టేది.

దసరాకే కెమెరా, తెర కూడా కూర్చాం. వెంటనే పోదామన్నాను. ఆమె వద్దంది. అప్పటికి వేరుశనగ మొలక బెత్తెడు లేదు; సాలుకూ సాలుకూ మధ్య మట్టి కనిపించేది.

“ఎర్రమట్టి ఇన్నేండ్లు చూసిన, చాలు. సాళ్లు కలిసినాంక, పచ్చగ కప్పుకున్నాంక చూస్త. తొందరేముంది?”

చేను చేసిన మనిషి మాట. నేను కాదనలేదు. రోజూ సాయంత్రం రైతుకు ఫోన్ చేసి, “ఎంత కలిసినయి?” అని అడిగేది. “ఇంకో వారం చిన్నమ్మా,” అనేవాడతను.

మా ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి పోరు. ఆమె వెంట నేను పోయాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె కొడుకు కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ ఎడమవైపుగా తిరుగుతుంటే, నేలకు మాత్రం ఇది కుడి తిరుగుడే కదా అనుకున్నాను. అంతకన్నా ఊరట నాకు ఆ రోజు దొరకలేదు.

ఆమె కొడుకు గద్వాలలో ఉంటాడు, హాస్టళ్లలో పెరిగినవాడు. ఇవాళ ఫోన్ సంగతి చెబితే, “ఇప్పుడు ఎగిరేసి ఎవరికి చూపిస్తం పెద్దమ్మా? అమ్మనే లేకపాయె,” అన్నాడు.

“నువ్వా చేను మొత్తం ఎన్నడన్న చూసినవా?”

“చూడలే,” అన్నాడు.

“నేనూ చూడలే. ఆకు పండబారితే మళ్ల ఏడాది దాక ఆగాలె. ఆగెటోళ్లు ఆగలేకపాయిరి. నువ్వు రా.”

వస్తానన్నాడు. ఇది చదివే మీలో ఆమెను ఎరిగినవాళ్లుంటారు. ఆమె చేతి అతుకులు మీ ఇళ్లలో పాత రేడియోల్లో ఇంకా ఉండొచ్చు. ఊడదీయకండి. ఇక జరగవలసినవి, నా అలవాటు కొద్దీ వరుసగా రాస్తున్నాను.

1. ఆదివారం పొద్దున, గాలి లేవకముందే పోవాలి. గాలి ఉంటే వెదురు తట్టుకోదు, సోమవారానికి మార్చుకోవాలి.

2. బ్యాటరీ శనివారమే ఛార్జి పెట్టాలి. అది నిండేదాకా పక్కన మనిషి ఉండాలి, ఆ మనిషిని నేనే.

3. రిమోటు నేను పట్టాలి. ఆమె నేర్పినంతే ఎగరేయాలి, సొంత తెలివి చూపకూడదు.

4. తెర కొడుకు పట్టుకోవాలి. ఎండ పడకుండా తువ్వాలు కప్పుకోవాలి. ఏడుపొచ్చినా తెర దించకూడదు.

5. కౌలు రైతు చేను అవతలి గెట్టు మీద కదలకుండా నిలబడాలి. తెర మీద అతను కనిపించాడంటే చేను మొత్తం వచ్చినట్టు. అప్పటిదాకా వెనక్కి తిప్పకూడదు.

6. దించడానికి దారి పక్కన ఆమె కప్పుకున్న దుప్పటి పరచాలి. ఆనవాయితీ ప్రకారం అది చాకలికి ఇవ్వాల్సింది, ఆదివారం తర్వాత ఇస్తాను. నాలుగు మూలలా రాళ్లు పెట్టాలి. లేకపోతే రెక్కల గాలికి దుప్పటి లేచి, కింద ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టు ఉంటుంది.