దుబాయికి ముప్పై ఖాళీ సూట్‌కేసులు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే అందరూ చిన్నప్పటి ముచ్చట అనుకుంటరు. ఇది కూడా నా చిన్నప్పటి ముచ్చటే, కాకపోతే అప్పటికి నాకు నలభై రెండేండ్లు. నవ్వకుండ్రి. ఒంటికి ఒక వయసుంటే చదువుకు ఇంకో వయసు ఉంటది. ఆ ఏడే నేను పలక పట్టిన, అక్షరాలు దిద్దిన, గుణింతం తప్పినప్పుడల్లా మాకు సాయంత్రం పూట చదువు చెప్పే టీచరమ్మతోని (నా బిడ్డకన్నా రెండేండ్లు చిన్నది) తిట్లు తిన్న. అందుకని ఆ ఏడాదిని నేను నా బాల్యం కిందనే జమ చేసుకుంట. చిన్నపిల్లలకు ఉండే పొగరు, తెలిసీ తెలియని తెలివి, ఆగమాగం అన్నీ నాకు అప్పుడే వచ్చినయి. తట్టు, పొంగు మాత్రం రాలేదు.

మా బస్తీ కిష్టారెడ్డిపేట అవతల ఉంటది. అప్పటికే మా జొన్నచేన్లు ప్లాట్లయినయి, చేన్ల గట్ల మీద నంబర్ల రాళ్ళు మొలిచినయి. నేను సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీల పార్కుల ఒక కంపెనీల పనికి కుదిరిన. సెలైన్ ఎక్కించే గొట్టాలను చుట్ట చుట్టి, కవర్లల్ల పెట్టి, సీలు వేసే పని. పని మంచిగనే ఉండె, గేటే మంచిగ లేకుండె. పొద్దున ఏడు కొట్టంగనే మూస్తరు. ఆలస్యమైతే ఆ రోజుకు ఇంటికి పంపిస్తరు, అట్ల మూడు మార్లైతే శాశ్వతంగ పంపిస్తరు. నాకు అప్పటికే రెండు మార్లు అయింది. రెండు ఆటోలు మారి, మధ్యల రింగు రోడ్డు కాడ నిలబడి, వచ్చినోడినల్లా బతిమాలి పోవాలె మరి. సరిగ్గా అప్పుడు మా మున్సిపాలిటీ తన పైసలతోని ఒక ఎయిర్‌పోర్టు బస్సు వేసింది.

అబ్బ, ఏం బస్సు అది! తెల్లగ, ఇల్లంత పొడుగు, లోపల చల్లగ. పొద్దున ఆరు గంటలకు మా బస్తీల బయలుదేరి, సుల్తాన్‌పూర్ మీదుగ రింగు రోడ్డెక్కి ఎయిర్‌పోర్టుకు పోతది. ఎయిర్‌పోర్టు దాకా పోయేటోళ్ళు ఎవ్వరూ లేరు. మా బస్తీ ఆడోళ్ళం ముప్పై మందిమి పార్కు గేటు కాడ దిగిపోయేటోళ్ళం. ఆ తర్వాత డ్రైవరన్న, ముప్పై ఒక్క ఖాళీ సీట్లు, ఆ చల్లగాలి, ముగ్గురే షంషాబాద్ పోయేటోళ్ళు.

ఈ బస్సు మీద ఊరు రెండుగ చీలింది. ప్లాట్లు అమ్మేటోళ్ళకు అది దేవుడిచ్చిన బస్సు. "మన వెంచర్ ముందలికెళ్ళే ఎయిర్‌పోర్టు బస్సు" అని కాయితాలు పంచిండ్రు. మా కిరాణం సేటుకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. తక్కెట్ల కందిపప్పు పోసుకుంటనే ఉపన్యాసమిచ్చేటోడు. "విమానం ఎక్కేటోనికి కారుంటది, కారు లేనోడు విమానమే ఎక్కడు. మరి ఈ బస్సు ఎవ్వనికి? నా దుకాణం ముందల మోరీ పొంగితే పట్టించుకునేటోడు లేడు గని, వీళ్ళు చల్లగాలిని రోజూ షంషాబాద్ దాకా తోలుకపోయి తోలుకొస్తున్నరు." (మోరీ ముచ్చట నిజమే. వానకాలం ఆయన దుకాణానికి ఇటుకల మీద గెంతుకుంట పోయేటోళ్ళం. నాకు బస్సు కావాలె గని, సేటు మాట అబద్ధమని ఇప్పటికీ అనలేను.) ఇగ ఎయిర్‌పోర్టుకున్న పేరు అడగొద్దు. అక్కడ చాయ్ తాగాలంటే మడి అమ్ముకోవాలని ఒకరు, నేల మీద జారిపడితే జుర్మానా వేస్తరని ఒకరు. ఎవ్వరూ చూసినోళ్ళు కాదు. చూడనిదానికి ఉన్నంత పేరు చూసినదానికి ఉండదు.

నాకు మాత్రం ఆ బస్సు పని కన్నా పెద్దది. దాని నుదుటి మీద పలకంత అక్షరాలతోని "విమానాశ్రయం" అని రాసి ఉండేది. ఆ "శ్ర" కింది రావత్తు కాడ రోజూ తట్టుకునేదాన్ని. బస్సు ముందల నిలబడి వేలు పెట్టి "వి... మా... నా..." అని కూడబలుక్కుంటుంటే డ్రైవరన్న హారన్ కొట్టి అడిగేటోడు: "అక్కా, ఎక్కుతవా, చదువుతవా?"

ఒకనాడు ఆ బస్సు తలుపుకే కాయితం అంటించిండ్రు. చదవమని మా పెద్దవదిన నన్ను ముందలికి తోసింది. (పెద్దవదిన అంటే మా ఆయన అన్న భార్య. బస్తీ ఆడోళ్ళందరికీ సర్పంచి లెక్క. ఆమె "ఊఁ" అంటే ఊరు.) నేను చదవబట్టిన. ముప్పై మంది ఊపిరి పట్టుకున్నరు. డ్రైవరన్న ఇంజన్ బంద్ చేసిండు. ఏడెనిమిది నిమిషాలకు తేలిన సంగతి ఏందంటే, వచ్చే ఆదివారం పై ఆఫీసు నుంచి ఒక అధికారి ఈ బస్సుల కూర్చుంటడు, ఎయిర్‌పోర్టు దాకా పోయేటోళ్ళను లెక్కపెడతడు, ఆ లెక్కను బట్టి బస్సు ఉంచాలా తీయాలా తేలుస్తరు. సంతోషంగ పూర్తిచేసి వెనుకకు తిరిగిన. ఒక్కరి మొఖంల నెత్తురు లేదు. చదివిన సంబురంల నేను అర్థం చూసుకోలేదు. ఆదివారం పార్కుకు సెలవు. అంటే మేం గూడ ఉండని రోజు.

"బస్సు పాయె" అన్నది పెద్దవదిన. "మూడో మారు నిన్ను ఇంటికి తోలుతరు సూడు."

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అక్షరాలు కొత్తగ వచ్చినోళ్ళకు ఆలోచనలు జెర ఎక్కువ వస్తయి. "ఎయిర్‌పోర్టు దాకా పోయేటోళ్ళనే కదా లెక్కపెట్టేది? మనమే పోదాం" అన్న.

"పోయి?"

"దిగుదాం. మల్ల ఎక్కుదాం."

"గట్ల దిగితే మనల్ని చూసి విమానం ఎక్కేటోళ్ళు అనుకుంటడా?" అన్నది పెద్దవదిన. ఇగ తయారీ మొదలైంది. విమానం ఎక్కేటోళ్ళకు సూట్‌కేసు ఉంటదని తీర్మానించినం. పెండ్లిల్ల సారె పెట్టినయి, మంచాల కింద బొంతలు దాచినయి, తాళం పోయినయి, చక్రం ఊడినయి, ముప్పై సూట్‌కేసులు బయటికొచ్చినయి. నల్లద్దాలు ఉంటే బాగుంటదని నేనే అన్న. పెద్దవదిన కంటి ఆపరేషన్ అప్పుడు ఉచితంగ ఇచ్చిన నల్లద్దాలు తీసి పెట్టుకున్నది. ఏడికి పోతున్నరని అడిగితే ఏం చెప్పాలని ఒకామె అడిగింది. నాకు తెలిసిన విమానం ఊరు ఒక్కటే. "దుబాయి అనుండ్రి" అన్న. ఒకొక్కరికి ఒకొక్క ఊరు చెప్పాలన్న ఇంగితం ఆ పిల్ల బుర్రకు (అంటే నా నలభై రెండేండ్ల బుర్రకు) తట్టలేదు.

ఆదివారం పొద్దున బస్సు కిటకిటలాడింది. సీట్లల్ల మేము, దారి పొడుగూత సూట్‌కేసులు. డ్రైవరన్న అద్దంల చూసి నోరు తెరిచి, మల్ల మూసుకున్నడు. ముందు సీట్ల ఆ అధికారి, మా లెక్కల సారు, కూర్చున్నడు. సన్నగ, మెత్తగ, చేతుల అట్ట, దాని మీద కాయితం. రింగు రోడ్డెక్కినంక లేచి పెద్దవదిన కాడికి వచ్చిండు.

"ఎక్కడికమ్మా?"

"దుబాయి" అన్నది నల్లద్దాలు సరిచేసుకుంట.

"మీరు?"

"దుబాయి."

"మీరు?"

"నేను గూడ గాడికే సారూ."

పదో మనిషి కాడికి వచ్చేసరికి సారు రాసుడు ఆపిండు. "అందరూ దుబాయేనా?"

"పెండ్లి ఉన్నది సారూ" అన్నది పెద్దవదిన, ఎవ్వరూ అడగకముందే.

"ఎవరి పెండ్లి?"

పెద్దవదిన నా దిక్కు చూసింది. నేను కిటికీ దిక్కు చూసిన. "దుబాయోళ్ళదే" అన్నది ఆమె చివరికి.

సారు నవ్వలేదు. దారికి అడ్డంగ ఉన్న నా సూట్‌కేసును పక్కకు పెడదామని వంగి, బరువుంటదనుకొని గట్టిగ లేపిండు. అది సర్రుమని పైకి లేచింది, సారు వెనుకకు పోయి పెద్దవదిన ఒళ్ళె కూర్చున్నడు.

"ఇందులో ఏముందమ్మా?" అన్నడు లేచి అంగీ సదురుకుంట.

"ఏం లేదు సారూ" అన్న. "విమానానికి బరువు కావద్దని."

అప్పుడు వెనుక దిక్కు నుంచి సన్నటి గొంతు వినబడ్డది. "సార్, నేను కూడా దుబాయే." ముప్పై తలలు తిరిగినయి. ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల పిల్ల. పెద్ద బ్యాగు రెండు కాళ్ళ మధ్యల ఇరికించుకొని, ఎప్పటినుంచో నిలబడే ఉన్నది. సీటు లేదు. బ్యాగు పెట్టే జాగా సుతం మా గాలి సూట్‌కేసులు ఆక్రమించినయి.

"నువ్వూ పెండ్లికేనామ్మా?" అన్నడు సారు.

"కాదు సార్. నర్సు ఉద్యోగానికి." చేతుల పాస్‌పోర్టు, టికెట్టు పట్టుకొని ఉన్నది. గట్టిగ పట్టుకున్నదానికి అంచులు వంగినయి. బస్సు మొత్తంల విమానం ఎక్కేది ఒక్క ఆ పిల్లనే. మేం ముప్పై మందిమి కలిసి ఆమెనే నిలబెట్టినం.

పెద్దవదిన నల్లద్దాలు తీసేసింది. లేచి, ఆ పిల్లను తన సీట్ల కూర్చోబెట్టింది. "నీ ఎంట ఎవ్వరూ రాలేదా బిడ్డా?"

"అమ్మకు కాలు విరిగింది. మామ వస్తనన్నడు, డ్యూటీ పడ్డది." అంతవరకే చెప్పగలిగింది. మా దిక్కు ఒకరు దూరం పోతుంటే ఇరవై మంది సాగనంపుతరు. డీసీఎం వ్యాను మాట్లాడుకొని పోతరు, పులిహోర కట్టుకొని పోతరు, ఎక్కేటోని కన్నా ఎక్కించేటోళ్ళ లొల్లే ఎక్కువ. తోడు లేకుండ దేశం దాటిపోయే పిల్లను మేం అంతవరకు చూడలేదు.

ఎయిర్‌పోర్టుల దిగంగనే మేం ఎందుకొచ్చినమో మరిచిపోయినం. ఒకామె నెత్తిల పూలు తీసి ఆ పిల్ల నెత్తిల పెట్టింది. ఒకామె సర్వపిండి రొట్టెల మూట బ్యాగుల కుక్కింది. దారిల తిందామని తెచ్చుకున్న పెరుగుల చక్కెర ఉంటే బాగుండునని వెతుకుతుంటే, డ్రైవరన్న చాయ్ కొట్టు కాడికి ఉరికి చక్కెర పొట్లాలు తెచ్చిండు. (చాయ్ ధర అడగలేదట, భయపడి.) అంతా అయినంక పెద్దవదినకు యాదికొచ్చింది. "అరే, ఎదురు ఎవ్వరొస్తరే?" బయలుదేరేటోళ్ళకు ముత్తైదువ నీళ్ళతోని ఎదురు రావాలె కదా. ఎదురు రావాలంటే తలుపు దిక్కు నుంచి రావాలె. తలుపు కాడ తుపాకీ పట్టుకొని జవాను ఉన్నడు. పెద్దవదిన నీళ్ళ సీసా పట్టుకొని సీదా ఆయన మీదికే నడిచింది.

"మాతాజీ, టికెట్?"

"టికెట్ నై బేటా, శగున్ హై" అన్నది ఆమె. అవతల ఆ పిల్ల కండ్లు తుడుచుకుంటున్నది. జవాను ఆ పిల్లను చూసిండు, సీసాను చూసిండు. లోపలికి మాత్రం పోనీయలేదు గని, గోడ పక్కకు పది అడుగుల జాగా చూపించి, "ఇధర్ సే ఆయియే" అని తానే పక్కకు జరిగిండు. పెద్దవదిన నీళ్ళ సీసాతోని ఆ పది అడుగులు నడిచొచ్చిన తీరు ఇప్పటికీ నా కండ్లల్ల ఉన్నది. ఆ పిల్ల నవ్వింది. నవ్వుకుంటనే లోపలికి పోయింది. అద్దాల అవతల కనబడినంతసేపు చేతులూపినం.

వెనుకకు తిరిగితే లెక్కల సారు. ఎప్పటినుంచి చూస్తున్నడో. "ఇక నిజం చెప్పుండ్రి" అన్నడు.

చెప్పిన. గేటు సంగతి, ఏడు గంటల సంగతి, రెండు మార్ల సంగతి, మూడోది అయితే నా పని పోయే సంగతి. "మేం ఎవ్వరం విమానం ఎక్కం సారూ. గని ఈ బస్సు మాత్రం ఎక్కుతం."

"ఇదే ముక్క అర్జీ రాసి ఇస్తే అయిపోయేది కదమ్మా. ఇంత తతంగం ఎందుకు?"

"రాసుడు ఇంకా రాలేదు సారూ. చదువుడు దాకనే అయింది."

సారుకు అప్పుడొచ్చింది నవ్వు. తిరిగి బస్సెక్కినంక అట్ట మీది కాయితం ఒకటి చింపి, కలం నా చేతుల పెట్టిండు. "దారి చాలా ఉంది. తొందరేం లేదు." నేను సూట్‌కేసును ఒళ్ళె అడ్డం పెట్టుకున్న. ఖాళీదైనా మంచి బల్ల అయింది. బస్సు ఊగినప్పుడల్లా గీత వంకరబోయేది. పెద్దవదిన సూట్‌కేసు కదలకుండ పట్టుకున్నది. మిగతా వాళ్ళు తలా ఒక మాట అందించిండ్రు. ఎవరో ఏసీ గురించి రాయమన్నరు, ఎవరో మోరీ గురించి సుతం రాయమన్నరు. సుల్తాన్‌పూర్ వచ్చేసరికి రెండు వరుసలైనయి. "ఈ బస్సు మాకు కావాలె. పార్కు గేటు కాడ ఆగాలె." నా జన్మల నేను రాసిన మొదటి వాక్యాలు అవే. కింద ముప్పై మందిల పదకొండు మంది సంతకం చేసిండ్రు, మిగిలినోళ్ళు వేలు ముద్ర. సారు దాన్ని తన లెక్క కాయితానికి గుచ్చిండు. ఆ లెక్కల ఏం రాసిండో వంగి చదివిన. "ప్రయాణికులు: ఒకరు. సాగనంపినవారు: ముప్పై మంది."

వానకాలం అయిపోయినంక ఆ తెల్ల బస్సును తీసేసిండ్రు. ఆ తెల్లారే దాని జాగల ఒక చిన్న బస్సు వచ్చింది. ఏసీ లేదు, కిటికీలు సగమే తెరుచుకుంటయి, అయినా పార్కు గేటు కాడ ఆగుతది, ఆడికెళ్ళి ఎయిర్‌పోర్టుకు పోతది. మిగిలిన పైసలతోని మోరీ తవ్వుతమన్నరు. సేటు దుకాణం దాకా వచ్చింది, అవతలికి ఇంకా రావాలె. "చల్లగాలి పాయె కదా" అని సేటు కొన్నాళ్ళు ఎక్కిరించిండు. మొన్న ఆయన బావమరిది కాశీకి విమానంల పోతుంటే, పదకొండు మందితోని అదే బస్సెక్కి సాగనంపి వచ్చిండు. చాయ్ సుతం తాగిండంట, ధర మాత్రం చెప్తలేడు.

నాకు మూడో మారు రాలేదు. ఆ కంపెనీలనే ఇప్పుడు నేను కవర్ల మీది లేబుళ్ళు సరిచూసే పని చేస్తున్న. సూట్‌కేసు అటక మీద ఉన్నది, దాన్ల నా పలక ఉన్నది. ఇప్పటిదాకా విమానమైతే ఎక్కలేదు. ఇప్పుడు బోర్డు చదవడానికి వేలు అక్కర లేదు, దూరం నుంచి ఒక్క చూపుల అయిపోతది. అయితే అప్పుడప్పుడు, మబ్బుల పొద్దు ఇంకా ఎర్రగ ఉన్నప్పుడు, ఒక్కొక్క అక్షరం కాడ ఊపిరి ఆపుకొని నిలబడ్డ ఆ నలభై రెండేండ్ల పిల్ల యాదికొస్తది. అప్పుడు కావాలనే బస్సు ముందల ఆగుత, వేలెత్తి, మెల్లగ, "వి... మా... నా..." అనుకుంట.

ఇప్పుడు డ్రైవరు వేరే. ఆయనకు ఈ కథేం తెలియదు. అయినా హారన్ కొట్టి అదే అడుగుతడు: "అమ్మా, ఎక్కుతవా, చదువుతవా?"

"రెండూ" అంట, మెట్టు మీద కాలు పెట్టుకుంట.