అత్త మోసుకొచ్చిన రాయి

మా అత్తకి భక్తి ఎక్కువ, నాకు నోరెక్కువ. ఆ కాలనీవాళ్లకి కావలసింది ఆవిడ భక్తే కాబట్టి నా నోటిని ఎవరూ పట్టించుకోలేదు.

బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ వైపు వెళ్తూ మధ్యలో లోపలికి తిరిగితే వచ్చేది ఆ కాలనీ. పొలాలమ్ముకుని బెజవాడ చేరినవాళ్లూ ఆఫీసర్లుగా రిటైరైనవాళ్లూ కట్టుకున్న ఇళ్లు. వాటి మధ్య మున్సిపాలిటీ స్థలం ఒకటి ఖాళీగా ఉండేది. పేరుకి పార్కు. ఉన్నది మాత్రం తుమ్మచెట్లు, ఒక కుళాయి, పిల్లల క్రికెట్టు, ఓ మూలన మేము. తొంభైల్లో నేను కాపురానికి వచ్చేనాటికే అత్త అక్కడ చేపలు అమ్ముతోంది. కొల్లేటి లంకలో వలకి చేప పడడం తగ్గాక మామ అందర్నీ బెజవాడ తీసుకొచ్చి, వచ్చిన కొన్నాళ్లకే పోయాడట. ఆ మూల తప్ప మాకు వేరే బతుకు లేదు. తెల్లారకముందే మార్కెట్టుకెళ్లి సరుకు తెచ్చేవాళ్లం. ఆవిడ బేరం చేసేది. నేను కత్తిపీట ముందు కూర్చుని బూడిద రాసి పొలుసు తీసేదాన్ని. ఆదివారాలు కాలనీ అంతా మా ముందే నిలబడేది.

అక్కడ షాపింగ్ కాంప్లెక్సు కడతామని మున్సిపాలిటీవాళ్లు కొలతలు వేసుకుపోయారు. కాలనీ భగ్గుమంది. ప్రెసిడెంటు రిటైరైన ఇంజనీరుగారు. టెంటు వేయించారు, మైకు పెట్టించారు, "పేదల పొట్ట కొట్టొద్దు" అని బ్యానరు కట్టించారు. తీరా చూస్తే కూర్చోవడానికి మనుషులు లేరు. బీపీలు, షుగర్లు, మధ్యాహ్నం కునుకు. అందుకని మా దగ్గరకొచ్చారు.

"చూడమ్మా, ఈ స్థలం పోతే మాకు గాలి పోతుంది, మీకు కూడు పోతుంది. మీరే ముందుండాలి" అన్నారు.

ఉన్నాం. బేరాలు మానుకుని ఎండలో కూర్చున్నాం. పేపరువాళ్లు ఫోటో తీసే సమయానికి ఇస్త్రీ చీరలు, తెల్లచొక్కాలు వచ్చి మా వెనక నిలబడేవి. ఆ బ్యానరు తనని గురించేనని అత్త మురిసిపోయేది. ఆ మురిపెం చూస్తే నాకు ఒళ్లు మండేది.

కొన్నాళ్లకి పొక్లెయిన్ వస్తోందని కబురొచ్చింది. ఇంజనీరుగారు అత్తని పక్కకి పిలిచారు.

"లంకలో మీ గంగమ్మ ఉందంటావుగా. తెచ్చి ఇక్కడ పెట్టు. అమ్మవారిని పెకిలించే ధైర్యం ఎవడికుంది?"

నేను మధ్యలో దూరాను. "ఆటోనగర్ రోడ్డు పక్కన బోల్డు రాళ్లు పడున్నాయత్తా. ఒకటి తెచ్చి పసుపు రాద్దాం. వీళ్ల పని అయిపోతుంది."

"అమ్మతో నాటకాలాడితే కళ్లు పోతాయే" అని కసిరి, మర్నాడే బస్సెక్కి లంకకి వెళ్లింది. తాతలనాటి నుంచి ఇంటి వెనక ఉన్న గంగమ్మ రాయిని చేపల గంపలో పెట్టుకుని, దారి పొడుగునా ఒళ్లోంచి దించకుండా తెచ్చింది. మా వాళ్లలో ఒక పద్ధతుంది. ఊరు మారితే అమ్మని కూడా ఒక్కసారి తీసుకెళ్లచ్చు. కానీ కొత్త మట్టిలో కూర్చోబెట్టి తొలి చేప పెట్టాక మళ్లీ లేపకూడదు. ఇక ఆ మట్టి ఆమెదే, రోజూ మొదటి చేప కూడా ఆమెదే. అత్త ఉత్తుత్తినే పెట్టి ఊరుకోలేదు. గొయ్యి తీసి, పసుపు నీళ్లు పోసి, రాయిని పాతి, వేపమండ గుచ్చి, బతికున్న కొరమీనుని ముందు పెట్టింది. కాలనీ ఆడవాళ్లు ముక్కులు మూసుకునే హారతిచ్చారు.

పొక్లెయిన్ నడిపే అతను రాయిని చూసి, కిందికి దిగి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టి వెనక్కి వెళ్లిపోయాడు. మున్సిపాలిటీ కూడా ఇక ఆ ఊసెత్తలేదు. "ఈ స్థలం ఈ తల్లిది!" అని ఇంజనీరుగారు మైకులో అరిచారు. తల్లంటే తననే అనుకుంది మా పిచ్చి అత్త.

తర్వాత కమిటీ పెట్టారు. అమ్మకి ఎండ తగులుతోందని రేకులు వేశారు, రేకులు బాగాలేవని శ్లాబు పోశారు. పూజారిని పెట్టారు. గంగమ్మ అంటే మోటుగా ఉందని ఏదో పెద్ద పేరు పెట్టారు, నాకు నోరు తిరగదు. రాయికి వెండి ముఖం తొడిగారు. చుట్టూ గోడ, గేటు, వాచ్‌మన్. ఒకరోజు ఇంజనీరుగారే వచ్చారు.

"గుడి ముందు ఈ నీచు కంపేంటమ్మా? మీ అమ్మవారే కదా, ఆవిడ పరువు మీకు మాత్రం అక్కర్లేదూ?"

నేను తిట్టాల్సినవన్నీ తిట్టాను. ఆయన ఓపిగ్గా విని, వాచ్‌మన్ చేత మా గంపలు రోడ్డు మీద పెట్టించారు. మేం కూర్చున్న మూలలో కొన్నాళ్లకి షాపులు లేచాయి, గుడి ఖర్చుల కోసమట. కాంప్లెక్సు వద్దని మమ్మల్ని ఎండలో కూర్చోబెట్టిన చోటే కాంప్లెక్సు కట్టుకున్నారు.

"రాయి మనది. పెకిలించుకుపోదాం పద" అన్నాను.

"కూర్చున్న తల్లిని లేపుతావటే?" అని అత్త ఏడ్చింది.

గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మడం మొదలుపెట్టాం. నడవలేక అత్త కాళ్లు వాచేవి. కాళ్ల గురించి ఒక్క మాట అనేది కాదు. అన్నం ముందు కూర్చుని "పులిహోర, చక్కెర పొంగలి... అమ్మకి అవి సయిస్తాయటే? ఎన్నాళ్లని పస్తుంటదే?" అని కంచం పక్కకి నెట్టేసేది. ఆవిడ పస్తు ఆవిడకి గుర్తుండేది కాదు.

ఒకరోజు పొద్దున్నే, నేను గేటు పక్క కుళాయి దగ్గర ఉండగా, అత్త గంపలోంచి ఒక కొరమీను తీసి ఆకులో చుట్టి గుడి కటకటాల్లోంచి లోపలికి తోసింది. వాచ్‌మన్ చెయ్యి పట్టుకున్నాడు. కాలనీ అంతా పోగైంది. గుడి మైలపడిందన్నారు, సంప్రోక్షణ చేయించాలన్నారు. ఫోటో కోసం మా వెనక నిలబడి మా మజ్జిగ తాగిన ఒకావిడ, పోలీసులకి అప్పజెప్పమంది.

"పోలీసులెందుకులెండి, తెలియక చేసింది" అన్నారు ఇంజనీరుగారు పెద్దమనసు చేసుకుని. "ఆ కుళాయి కింద తలస్నానం చేసొచ్చి, అమ్మవారికి క్షమాపణ చెప్పుకో."

అందరూ చూస్తుండగా అత్త చీరతోనే కుళాయి కింద కూర్చుంది. నీళ్లోడుతూ వచ్చి గడప బయట నిలబడి చేతులు జోడించింది. పెదవులు కదిలాయి. ఆ భక్తికి కొందరు ఆడవాళ్లు కళ్లు కూడా తుడుచుకున్నారు. ఏమంటోందో పక్కనున్న నాకే వినబడింది.

"ఆకలైతే వీళ్లని తినవే తల్లీ. ఇంటింటికీ వెళ్లి తిను. చిన్నా పెద్దా చూడకు."

పూజారి చెయ్యి తగలకుండా పైనుంచి తీర్థం పోశాడు. అత్త కళ్లకద్దుకుని తాగింది.

"మంచిదమ్మా, ఇక వెళ్లండి" అన్నారు ఇంజనీరుగారు.