మా పెద్దపంతులు చెప్పిన ఆఖరి పాఠం

మా పెద్దపంతులు పోయారని మొన్న సోమవారం పొద్దున కబురొచ్చింది. బడులు తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది. మార్కాపురంలో పంతుళ్ల సమావేశానికి వెళ్దామని చొక్కా వేసుకుంటున్నాను. ఏటా జరిగే ఈ సమావేశంలోనే చాలా ఏళ్ల కిందట ఆయన ఉద్యోగం ఊడింది. ఊడింది అనడం నా పిరికితనం. ఊడగొట్టింది నేను.

రాచర్ల దగ్గర ఒక పల్లెలో ఆయన పెద్దపంతులు, నేను చిన్నపంతులు. ఉన్నదే ఇద్దరం. ట్రైనింగు ముగించి ట్రంకుపెట్టెతో దిగిన నాకు అరవడం వచ్చు, పాఠం చెప్పడం రాదు. "గొంతు దాచుకో నాయనా, మనం జొన్నచేన్లో పిట్టలు తోలడం లేదు" అనేవారు. పిల్లవాడు తప్పు చెబితే బెత్తం తీసేవారు కాదు. "ఇంగోసారి చూడు, జవాబు యాడికీ పోదు" అని ఓపిగ్గా ఆగేవారు. మధ్యాహ్నం నాకు వాళ్లింట్లోనే సంగటి. పంతులమ్మ కసురుతూనే రెండో ముద్ద వేసేది. నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆయనే, తిండి పెట్టింది వాళ్లే.

నేను చేరిన రెండో ఏటికి ఆయన చెవులు పూర్తిగా పోయాయి. పంతుళ్లలో ఆ సంగతి నాకూ, ఆయన స్నేహితుడైన పక్క ఊరి పంతులుకూ మాత్రమే తెలుసు. పిల్లల పెదాలు చూసి నెట్టుకొచ్చేవారు. అందకపోతే నా వైపు చూసేవారు, నేను వేళ్లతో సైగ చేసేవాణ్ని. "ఈ బడి పోతే నేనేం జెయ్యాల? గొర్రెలు గాయాలన్నా చెవులు గావాల గదా" అని నవ్వేవారు.

సమావేశంలో ఒక ఆనవాయితీ ఉంది. ఒక పంతులు మాదిరి పాఠం చెప్పాలి. మిగతావాళ్లం మీసాలతో సహా ఒకటో తరగతి పిల్లల్లా చాపల మీద కూర్చుని వినాలి. తర్వాత ఒక్కొక్కరే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్లి ఆ పాఠంలో ఒక తప్పు చెప్పాలి. ముందువాళ్లు చెప్పిన తప్పు చెల్లదు. ఏమీ దొరకనివాడు పనికిరానివాడని రాసుకుంటారు.

ఆ ఏడు మాదిరి పాఠం ఆయనకు పడింది. నేను ముందు వరసలో కూర్చుని వేళ్లు ఆడించాను. పాఠం చక్కగా సాగింది. గదిలోకి అందరికంటే చివర వెళ్లింది నేను.

"నల్లబల్ల సరిగా తుడవలేదండి" అన్నాను.

"చెప్పారు. ఇంకోటి."

"వెనక వరసను చూడలేదండి."

"అదీ చెప్పారు. నీ ఉద్యోగం ఖాయం చేయాల్సింది ఈ నెలలోనే కదూ?" అన్నారు ఇన్‌స్పెక్టరు, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

"ఆయనకు వినపడదండి" అన్నాను.

ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి ఆయన చేతిలో సుద్దముక్క పెట్టి, బల్ల మీద రాయమని సైగ చేశారు. వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. గంట మోగించారు. "ఒరే ముసలోడా!" అని అరిచారు. ఆయన రాస్తూనే ఉన్నారు. పంతుళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన వెనక్కి తిరిగి మా మొహాలు చూసి, దస్తూరి బాగాలేదనుకున్నారేమో, అంతా తుడిచి మళ్లీ గుండ్రంగా రాశారు.

బడి తెరిచే రోజున పెద్దపంతులే బడి బీగాలు నాకు అప్పగించారు. "ఎవురు చెప్పింటారు?" అని అడిగారు. నేను తెలియదన్నట్టు తల ఊపాను. "నువ్వు గాక తెలిసినోడు ఒగడే గదా" అన్నారు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. పెద్దపంతులు కుర్చీ నాకు తీపిగా ఉంది, విప్పలేదు. ఆయనకూ ఆ పక్క ఊరి స్నేహితుడికీ మళ్లీ మాటల్లేవు.

మొన్న పాడె కడుతుంటే పక్క ఊరి పంతులు వచ్చారు. పంతులమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నువ్వు ఈ గడప తొక్కొద్దు. ఇది ఆయన మాట. అంతమందిలో ఆయన్ని నవ్వులపాలు జేస్తివి."

పక్క ఊరి పంతులు నా వైపు చూశారంతే. తాను చెప్పలేదు కాబట్టి ఎవరు చెప్పారో ఆయనకు ఏనాడో తెలుసు. నేను తల దించుకున్నాను.

పంతులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రా నాయనా. ముందర నువ్వే పట్టాలంట. అట్ల చెప్పి పోయినాడు."

పట్టాను. వీధి మలుపులో వెనక్కి చూస్తే, ఆ ముసలి పంతులు ఎదురింటి గోడ నీడ వదిలి, చెప్పులు విడిచి, కాలిపోతున్న మట్టిలో చేతులు జోడించి నిలబడి ఉన్నారు.