ఎదురింటి పూచీ

పనిచోట, చనిపోయిన మా నాన్నను సూపర్‌వైజరు పదిమంది కూలీల ముందు తిట్టాడు. నా చేతిలో హెల్మెట్ ఉంది. కొట్టాను. అతని నుదుటికి మూడు కుట్లు పడ్డాయి.

రెండేళ్లు దుర్గ్ కోర్టుకు తిరిగాక నేరం రుజువైందన్నారు. అంతకుముందు నా మీద ఏ కేసూ లేదు కనుక జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదలమని మా వకీలు అడిగాడు. అంటే ఏడాదిపాటు మంచిగా ఉంటానని రాసివ్వాలి. ఒకరు పూచీ ఉండాలి. నెలనెలా ప్రొబేషన్ అధికారికి కనబడాలి. మాట తప్పితే మళ్లీ జడ్జి ముందు నిలబడి శిక్ష వేయించుకోవాలి. వీటన్నిటికంటే ముందు ఆ అధికారి ఇంటికొచ్చి, నేనెలాంటి మనిషినో విచారించి నివేదిక ఇవ్వాలి.

నాకు ధైర్యంగానే ఉంది. మనిషిని తూచాలంటే వంశం చూస్తారనుకుంటూ పెరిగినవాణ్ని. విజయనగరం వైపు మూడూళ్ల పెత్తనం మా తాతగారిది. అదంతా పోయి ఈ ఉక్కు ప్లాంటు ఊళ్లో, కార్మికుల బస్తీ క్యాంప్ 2లో రెండు గదుల అద్దె ఇంట్లోకి వచ్చినా నా నడక మారలేదు.

వచ్చిన అధికారికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఈ ఊళ్లోనే, మరోదాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తాతగారి దగ్గర మొదలుపెట్టి పావుగంట చెప్పాను. ఆమె కలం కదల్లేదు.

"అంకుల్, అదంతా ఫారంలో రాదు. ఈ గల్లీలో మీ గురించి చెప్పేవాళ్లు ఇద్దరి పేర్లు చెప్పండి, బస్, అంతే."

పదకొండేళ్లుగా ఆ వీధిలో ఉంటున్నాం. పెళ్లికి పిలిస్తే వెళ్లలేదు, చావుకూ వెళ్లలేదు. వీళ్లతో మనకేమిటని నా భార్యనూ వెళ్లనివ్వలేదు. ఒక్క పేరూ చెప్పలేకపోయాను. తెలిస్తే కదా.

ఆ పిల్లే లేచి ఎదురింటి తలుపు తట్టింది. నేను కిటికీ పక్కన నిలబడి విన్నాను.

"ఎదురింటి అంకుల్ ఎలాంటివారు, ఆంటీ?"

"ఆయనా? మాతో మాటాడితే ఆయన నోట్లో ముత్తేలు రాలిపోవూ! మంచోడో సెడ్డోడో నాకేటి తెలుస్తాదమ్మా. ఆ గోడనడుగు."

"అలాగే రాసుకోనా?"

"రాసుకో. ఉన్నమాటే కదేటి."

ఆ అధికారి మా గుమ్మం దాకా వచ్చి, శుక్రవారం నివేదిక ఇవ్వాలనీ, ఆలోగా పూచీకి ఎవరినైనా చూసుకోమనీ చెప్పి వెళ్లిపోయింది. ఇదే ఊళ్లో వైశాలి నగర్‌లో ఇంజనీరుగా ఉన్న మా చుట్టం ఫోను ఎత్తలేదు. మూడుసార్లు చేశాను.

నా భార్య ఏడవలేదు. "మీరు జైలుకెళ్తే ఈ వీధిలో నేను ఎవరింటికి వెళ్లాలి?" అని మాత్రం అంది.

మర్నాడు సాయంత్రం వీధి దాటాను. నాలుగడుగులు. ఎదురింటాయన ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. లుంగీలో అరుగు మీద కూర్చున్నాడు.

"ఏటండి బాబూ, దారి తప్పేరా?"

నిలబడే, నాకు పూచీ ఉండమని అడిగాను.

"మీరు మల్లీ ఎవడి బుర్రో పగలగొడితే కోర్టోళ్లు నా పీక పట్టుకుంటారు కదండీ."

"పగలగొట్టను."

"ఒట్టు?"

కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు దించి చూస్తున్నారు. "ఒట్టు" అన్నాను.

"కోర్టుకి ఒత్తాను లెండి. మీ కోసం కాదు, మీ ఇంట్లో ఆయమ్మ మొకం సూసి."

నివేదికలో ఎదురింటావిడ అన్న మాట అన్నట్టే ఉంది. దాని కింద, పూచీ ఉండేది ఆవిడ భర్తే అని ఉంది. జడ్జి రెండుసార్లు చదువుకున్నారు. ఏడాది ప్రొబేషన్ ఇచ్చారు.

ఐదు నెలలు గడిచాయి. నెలకోసారి ఆ పిల్ల ముందు సంతకం పెట్టి వస్తాను. నేను సందు మలుపు తిరిగేసరికి ఆయన అరుగు మీద ఉంటాడు.

"ఏటండీ, ఈ నెల ఎవర్నీ కొట్టనేదు కదా?"

వీధంతా నవ్వుతుంది. ఆయనకు అడిగే హక్కుంది, ఆ కాగితం మీద ఆయన సంతకం ఉంది. నా చేతులు వెనక్కి పోతాయి. హెల్మెట్ ఎత్తిన చేతిని ఇంకొకటి గట్టిగా పట్టుకుంటుంది.

"లేదండీ" అంటాను.

ఇంకా ఏడు నెలలున్నాయి. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాక కూడా ఆ చేతిని చాలాసేపటిదాకా వదలను.